కారు క్యాంపింగ్: దూర ప్రయాణంలో బండే బస

సొంత కారులో రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిరుగుతూ, రాత్రిళ్ళు లాడ్జి గది తీసుకోకుండా బండిలోనే పడుకుని సాగించే ప్రయాణాన్ని కారు క్యాంపింగ్ అంటారు. బండి పక్కన గుడారం వేసుకోవడం, పైకప్పు మీద మడత గుడారం బిగించుకోవడం కూడా దీని కిందికే వస్తాయి. వంటగది, మరుగుదొడ్డి అమర్చిన క్యారవాన్, మోటార్ హోమ్ వేరు. ఇక్కడ ఉండేది రోజూ ఆఫీసుకు వెళ్ళే మామూలు కారే. వెనక సీట్లు మడిస్తే పడక, డిక్కీ తలుపు ఎత్తితే వంటిల్లు.

ఖర్చు తక్కువ, బుకింగుల బెడద లేదు, నచ్చిన చోట ఇంకో రోజు ఆగవచ్చు. అందుకే కొత్తవారు ఎక్కువగా దీనివైపు చూస్తున్నారు. వారిలో చాలామంది మొదట ఆలోచించేది పరుపు గురించి, పొయ్యి గురించి, బ్యాటరీ గురించి. అవి డబ్బు పెడితే దొరికే వస్తువులు. చీకటి పడ్డాక బండి ఎక్కడ ఆపాలి, అక్కడ ఆపనిచ్చేది ఎవరు అన్నదే అసలు చిక్కు. కారు క్యాంపింగ్ చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది.

పూర్వరంగం

మోటారు రాకముందు తెలుగువారి దూర ప్రయాణాలకు లెక్క మజిలీలే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, పరివారంతో, గుడారాలతో కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఊరూరికీ నీళ్ళ సంగతి, అంగళ్ళ సంగతి, దిగడానికి చోటు సంగతి రాసి పెట్టారు. కారులో దూరం వెళ్ళేవారు ఇప్పటికీ మ్యాపులో వెతుక్కునేవి ఈ మూడే.

కారులో తొలి దూర ప్రయాణం చేసింది ఒక మహిళ. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా, నూరు కిలోమీటర్లకు పైగా, భర్త తయారు చేసిన మూడు చక్రాల బండిని తీసుకెళ్ళారు. దారిలో వీస్‌లోఖ్ ఊళ్ళో మందుల దుకాణంలో ఇంధనం కొన్నారు. ఆమె చేరుకున్నది పుట్టింటికి కాబట్టి రాత్రి బసకు వెతుకులాట లేకపోయింది.

ఆ వెతుకులాట అమెరికాలో మొదలైంది. 1903లో వైద్యుడు హొరేషియో నెల్సన్ జాక్సన్, మెకానిక్ స్యూవల్ క్రాకర్ కలిసి వింటన్ కారులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు 63 రోజుల్లో చేరారు. దుప్పట్లు, వంట సామాను బండిలోనే పెట్టుకున్నారు. 1909లో ఆలిస్ రామ్సే ముగ్గురు స్త్రీలతో కలిసి ఎదురు దిశలో 59 రోజుల్లో దేశాన్ని దాటారు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ సామాన్యుడి చేతికి స్టీరింగు ఇచ్చాక, ఊళ్ళ శివార్లలో ఎక్కడ చెట్టు కనిపిస్తే అక్కడ కార్లు ఆగడం మొదలైంది. హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వీ ఫైర్‌స్టోన్, రచయిత జాన్ బరోస్ కలిసి ఏటా చేసిన క్యాంపింగ్ యాత్రలు పత్రికలకెక్కి ఈ మోజును పెంచాయి. వారి వెంట వంటవాళ్ళు, వంట బండి ఉండేవి. వారిని అనుకరించిన సామాన్యులకు మాత్రం టిన్ను డబ్బాల్లోని తిండే గతి. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ఏర్పడిన సంఘం టిన్ కాన్ టూరిస్ట్స్ అనే పేరే పెట్టుకుంది.

పొలాల్లో చెత్త, కంచెలు విరగ్గొట్టడం, పండ్లు కోసుకోవడం పెరిగేసరికి ఊళ్ళు విసిగి, 1920లలో మున్సిపల్ ఆటో క్యాంపులు తెరిచాయి. ప్రయాణికులు ఊళ్ళో సరుకులు కొంటారన్న ఆశతో మొదట చోటు ఉచితంగా ఇచ్చాయి. పని వెతుక్కుంటూ తిరిగే పేదవాళ్ళు అక్కడే ఉండిపోతున్నారని తరవాత రుసుము పెట్టాయి, పేర్లు నమోదు చేశాయి, గడువులు విధించాయి. క్యాంపులు క్రమంగా అద్దె గుడిసెలయ్యాయి, గుడిసెలు మోటెళ్ళయ్యాయి. మోటెల్ అన్న పేరుతో మొదటిది 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో తెరుచుకుంది.

సరదాగా కారులో పడుకునేవాడికీ గతిలేక పడుకునేవాడికీ తేడా చూపించే ఈ అలవాటు ఈనాటికీ పోలేదు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఓక్లహోమా పరిసరాల నుంచి సంసారమంతా కారుకు కట్టుకుని కాలిఫోర్నియాకు బయలుదేరిన రైతు కుటుంబాలను 1936లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రాష్ట్ర సరిహద్దుల్లోనే వెనక్కి తిప్పారు. నల్లజాతివారికి దారి ఇంకా కష్టం. చాలా ఊళ్ళలో గది ఇచ్చేవారు కాదు, రాత్రి ఆగితే ప్రాణభయం. హార్లెంలో తపాలా ఉద్యోగి విక్టర్ హ్యూగో గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గ్రీన్ బుక్, వారికి ఎక్కడ గది దొరుకుతుందో, ఎక్కడ పెట్రోలు పోస్తారో, ఎక్కడ అన్నం పెడతారో చెప్పింది. ఆ పుస్తకం 1960ల నడిమి దాకా అవసరమైంది. రోడ్డు అందరిదీ అని చట్టం అన్నా, రాత్రి ఆగే చోటు అందరిదీ కాలేదు. కారు క్యాంపింగ్ చరిత్ర రాసేవారు ఫోర్డ్ యాత్రల పక్కనే ఈ పుస్తకాన్నీ పెట్టాలి.

ఐరోపాలో ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాను 1950లో, వెస్ట్‌ఫాలియా సంస్థ దానికి చేసిన క్యాంపింగ్ అమరిక 1951లో వచ్చాయి. అటువంటి వ్యాన్లే 1960లు, 70లలో ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా ఢిల్లీ, ఖాట్మండులకు యువకులను తెచ్చాయి. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాక ఆ దారిని మూసేశాయి.

రాత్రి ఆగే చోటు

అమెరికా కారు క్యాంపింగ్‌కు పుట్టిల్లుగా నిలవడానికి కారణం విశాలమైన ప్రభుత్వ భూములు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి, చాలామటుకు పశ్చిమ రాష్ట్రాల్లోనే. నిషేధం లేని చోట్ల ఎవరైనా ఉచితంగా ఆగవచ్చు. సాధారణ నియమం ఒకచోట 28 రోజుల్లో 14 రోజులకు మించకూడదని. నేషనల్ ఫారెస్టుల్లోనూ ఇటువంటి సదుపాయమే ఉంది. నేషనల్ పార్కుల్లో మాత్రం అలా కుదరదు. నిర్ణయించిన క్యాంపు స్థలాల్లోనే ఉండాలి, పేరున్న పార్కుల్లో నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. ఈ తేడా తెలియక ఎల్లోస్టోన్‌కో యోసెమిటీకో చీకటి పడ్డాక చేరి, అర్ధరాత్రి రేంజరు తట్టి లేపితే వెనక్కి తిరిగేవారు ఎందరో. అక్కడి తెలుగు కుటుంబాలు మినీవ్యాన్‌లో రైస్ కుక్కరు, ఆవకాయ సీసా పెట్టుకుని వేసవి సెలవుల్లో ఈ పార్కులకే ఎక్కువగా వెళ్తుంటాయి కాబట్టి ఇది వారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి.

హైవే విశ్రాంతి స్థలాల నియమాలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో 24 గంటల్లో 8 గంటలు, టెక్సస్‌లో 24 గంటల దాకా ఆగనిస్తారు. వాల్‌మార్ట్ పార్కింగులో పడుకోవచ్చన్న మాట ప్రచారంలో ఉన్నా అది ఆయా దుకాణం మేనేజరు ఇష్టం, స్థానిక చట్టం మీద ఆధారపడింది. లోపలికి వెళ్ళి అడగడమే పద్ధతి. మద్యం తాగి బండిలో పడుకోవడం అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రమాదం. ఇంజను ఆపి ఉన్నా, తాళం చెవి దగ్గరుంటే తాగి నడిపిన కేసు కిందికే రావచ్చు.

ఇల్లు లేక కారులో ఉండేవారి విషయంలో నగరాలు కఠినంగా ఉంటున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో వాహనాల్లో నివసించడాన్ని నిషేధించిన నిబంధన అస్పష్టంగా ఉందని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది. 2024లో గ్రాంట్స్ పాస్ నగరం కేసులో అమెరికా సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పడుకోవడంపై నగరాలు పెట్టే నిషేధాలను సమర్థించింది. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన నోమాడ్‌లాండ్ పుస్తకం, దాని ఆధారంగా తీసి ఉత్తమ చిత్రం ఆస్కార్ పొందిన సినిమా ఈ బతుకులను ప్రపంచానికి చూపించాయి.

జపాన్‌లో 1993లో మొదలైన మిచినోఎకి అనే రహదారి విశ్రాంతి కేంద్రాలు ఇప్పుడు 1,200కు పైగా ఉన్నాయి. శుభ్రమైన మరుగుదొడ్లు రాత్రంతా తెరిచి ఉంటాయి. అలసట తీరేదాకా కునుకు తీయవచ్చు గాని కుర్చీలు వేసి, పొయ్యి పెట్టి మకాం చేయకూడదు.

భారతదేశంలో కారులో పడుకోవడాన్నే నిషేధించిన కేంద్ర చట్టం లేదు. బండి ఆపిన తీరు మీద మాత్రం ఉంది. ఇతరులకు ప్రమాదమో అడ్డమో అయ్యేలా బహిరంగ స్థలంలో వాహనం నిలపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కింద నేరం. రహదారి అంచున ఆపడం నేరమే కాదు, ప్రాణాంతకం. నిద్ర మత్తులో వచ్చే లారీ ఆగి ఉన్న బండిని గుద్దడం మన హైవేల మీద తరచూ వినే వార్తే.

ఇక్కడ లారీ డ్రైవర్ల అనుభవమే మంచి గురువు. రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకులో ట్యాంకు నింపించుకుని, అక్కడున్నవారికి చెప్పి, దీపం వెలుగు పడే మూల ఆపుకోవచ్చు. ధాబాలో భోజనం చేసి యజమానిని అడిగితే సాధారణంగా కాదనరు. ఉదయం స్నానానికి దేవస్థానాల స్నానపు గదులు, బస్టాండ్లలో డబ్బు చెల్లించి వాడుకునేవి ఉన్నాయి. చెరువు గట్లు, ఊరి చివరి తోపులు పగలు ఎంత బాగున్నా రాత్రి మందు పార్టీల అడ్డాలు కావచ్చు. తప్పనిసరైతే ఊళ్ళోకి వెళ్ళి నలుగురికీ కనిపించి, అడిగి ఆగాలి. ఎవరికీ కనిపించకుండా ఆగడంలో భద్రత ఉందని విదేశీ వీడియోలు చెప్పే సలహా మన ఊళ్ళకు పనికిరాదు. పరిచయం చేసుకోవడమే ఇక్కడ రక్షణ.

అడవుల విషయం పూర్తిగా వేరు. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా రాత్రి ఆగకూడదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా, కర్ణాటకలోని బందీపూర్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిషేధం. శ్రీశైలం దారిలోని మన్ననూరు చెక్‌పోస్టుకు ఆలస్యంగా చేరితే గేటు ఇవతలే తెల్లవారుతుంది. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు వెళ్ళాలంటే భారతీయులకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. క్యారవాన్ పార్కుల కోసం కేరళ 2021లో ఒక విధానం ప్రకటించింది. మామూలు కారులో తిరిగేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లో అటువంటి చవక స్థలాలు ఏర్పడవలసిన అవసరం ఎంతో ఉంది. చెట్టునీడ, నీళ్ళ కొళాయి, మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషి ఉంటే చాలు.

బండి సిద్ధం

పడకకు కావలసింది ఆరడుగుల చదును. సీటు మడిచాక సీటు వీపుకూ డిక్కీ అడుగుకూ మధ్య వచ్చే ఎత్తుపల్లాలను ప్లైవుడ్ బల్లతో సరిచేసి, దాని మీద ఫోమ్ పరుపు వేస్తారు. బల్లను బోల్టులతో శాశ్వతంగా బిగించడం, సీట్లు పీకేయడం మంచిది కాదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు, బీమా కంపెనీ కూడా పేచీ పెడుతుంది. తీసి పెట్టుకోగల అమరికే శ్రేయస్కరం. బరువైనవన్నీ కింద, ఇరుసుల మధ్యకు వచ్చేలా సర్దాలి. పైకప్పు మీద తేలికైనవే పెట్టాలి. అక్కడ బరువు పెరిగితే మలుపుల్లో బండి ఒరుగుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, పూర్తి బరువుకు కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం గాలి నింపాలి.

కరెంటు లెక్క చాలామంది తప్పేది. చిన్న కారులో ఉండే 12 వోల్టుల, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పేరుకు 540 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంజనుకు స్టార్టు ఇవ్వడమే ఆ రకం బ్యాటరీ పని. సగం దాకా వాడేస్తే పొద్దున బండి కదలకపోవచ్చు, పదేపదే అలా చేస్తే బ్యాటరీ చెడిపోతుంది. 10 వాట్ల చిన్న ఫ్యాను 8 గంటలు తిరిగితే 80 వాట్ అవర్లు, ఫోను ఒకసారి నిండడానికి 15 నుంచి 20. వీటికి వేరే లిథియం పవర్ స్టేషన్ పెట్టుకుని, పగలు బండి నడిచేటప్పుడు ఛార్జి చేసుకోవడం మేలు. చిన్న ఫ్రిజ్ కావాలంటే అది తప్పదు.

గాలి, వేడి, చలి

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి పడుకోకూడదు. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నడుస్తున్న బండిలో పొగ వెనక్కి పోతుంది, నిలబడిన బండి కింద అది పేరుకుంటుంది. గోడ, గట్టు, మంచు సైలెన్సరుకు అడ్డమైతే అడుగున ఉన్న సందుల్లోంచి లోపలికి వస్తుంది. ముందు తలనొప్పి, వికారం వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి ఆ సూచన కూడా అందదు. కారు లోపల గ్యాసు పొయ్యి వెలిగించినా, కొండ ప్రాంతాల్లో వెచ్చదనానికి కుంపటి పెట్టుకున్నా ఇదే ముప్పు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం తలాపున పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక రాత్రి లాడ్జి ఖర్చుకు అటూఇటూగా ఉంటుంది. దాన్ని మానుకోవడం పొదుపు కాదు. ఎలక్ట్రిక్ కారులో పొగ లేదు కాబట్టి రాత్రంతా చల్లదనం వాడుకోవచ్చు. అందుకే టెస్లా వంటి సంస్థలు దీనికి ప్రత్యేక ఏర్పాటు ఇచ్చాయి.

అద్దాలు పూర్తిగా మూస్తే ఊపిరిలోని తేమ తెల్లవారేసరికి లోపలి వైపు నీటి బొట్లై కారుతుంది, పక్క తడుస్తుంది. ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ళ మందం దించి, దోమతెర తొడిగితే గాలి ఆడుతుంది. తెలుగునాట ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏ ఏర్పాటూ చాలదు. ఎండలో నిలిపిన కారు లోపల 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది, రాత్రి కూడా రేకు వేడి త్వరగా దిగదు. పిల్లలను, పెంపుడు జంతువులను అటువంటి బండిలో క్షణమైనా వదలకూడదు. మైదానాల్లో ఈ ప్రయాణాలకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అదును.

బయలుదేరడం

దూర ప్రయాణం మొదటి రాత్రి ఇంటికి దగ్గర్లోనే గడవాలి. బయలుదేరే తేదీకి ఒక వారం ముందు, ఊరి శివారులో బంధువుల పొలంలోనో, అపార్టుమెంటు పార్కింగులోనో బండిలో పడుకుని చూడాలి. అర్ధరాత్రి రెండింటికి తెలుస్తాయి లోపాలు. సీటు బెల్టు బకిల్ నడుముకు గుచ్చుకుంటుంది. తలుపు తీయగానే లోపలి దీపం వెలిగి ఆరదు, దోమలు దాని చుట్టూ చేరతాయి. మంచినీళ్ళ సీసా ఎక్కడో బ్యాగు కింద ఉంటుంది. బండి కొంచెం వాలుగా ఉన్నా తల కిందికి జారి రక్తం ముఖానికి దిగుతుంది. తల ఎత్తు వైపు ఉండేలా బండి తిప్పుకోవాలని ఆ రాత్రే అర్థమవుతుంది. ఇవన్నీ ఇంటి దగ్గర తెలిస్తే చిన్న విషయాలు. నాగపూరు అవతల తెలిస్తే మూడో రోజుకే లాడ్జి వెతుక్కుంటారు.

రెండో పొరపాటు మొదటి రోజే వీలైనంత దూరం లాగేయడం. హైదరాబాదు నుంచి లేహ్ సుమారు 2,500 కిలోమీటర్లు. ఎన్‌హెచ్ 44 మీద ఉదయం బయలుదేరిన ఉత్సాహంలో నాగపూరు దాటి సివనీ అడవుల్లో చీకట్లో పడేవారున్నారు. నిర్మల్, ఆదిలాబాదు ప్రాంతంలో ఆగడం మేలు. అమెరికాలో మోటార్ హోమ్ ప్రయాణికులు రోజుకు 300 మైళ్ళు, మధ్యాహ్నం మూడింటికల్లా చేరిక, ఒక్కోచోట మూడు రాత్రులు అన్న నియమం పాటిస్తారు. మన రోడ్ల మీద 300 మైళ్ళు ఎక్కువ, 300 కిలోమీటర్లు సరి. వేళ నియమం మాత్రం యథాతథంగా తీసుకోవచ్చు. చోటు వెలుగులోనే చూడాలి. వాలు, బురద, పక్కనే వాగు, కుక్కల గుంపు, మనుషుల తీరు టార్చిలైటులో తెలియవు.

హిమాలయాల వైపు వెళ్ళేవారికి ఎత్తు లెక్క ముఖ్యం. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో, లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. నడుమ సర్చూ 4,200 మీటర్లు దాటుతుంది. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల మనాలి నుంచి లాహౌల్‌కు గంటల ప్రయాణం తగ్గింది, ఆ మేరకు శరీరానికి అలవాటు పడే సమయమూ తగ్గింది. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని వైద్యుల సూచన. అందుకే అదే దారిలో సర్చూకు దిగువన ఉన్న జిస్పాలో రెండు రాత్రులు గడపడం సర్చూలో ఒక రాత్రి వణకడం కంటే తెలివైన పని. తలనొప్పితో పాటు మాట తడబడినా, నడక తూలినా తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దిగిపోవాలి.

తిండి, నీళ్ళు, చెత్త

వేయించి ఉప్పు, తిరగమాత కలిపి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, కారప్పొడి, పచ్చళ్ళు ఉంటే రెండు పూటలు గట్టెక్కుతాయి. మూడో పూట ధాబా. పొయ్యి ఎప్పుడూ బండి బయటే, గాలికి అడ్డం పెట్టుకుని. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు ఉండాలి. జంతువులున్న చోట తిండి వాసన ముప్పు. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో ఆహారం ఉంచడం నిషేధం. అక్కడి నల్ల ఎలుగుబంట్లు తలుపు పైఅంచులో గోళ్ళు దూర్చి, చట్రాన్ని కిందికి వంచి, అద్దం పగలగొట్టి లోపలికి దూరతాయి. వాటికి అన్నం డబ్బా అయినా టూత్‌పేస్టు అయినా ఒకటే.

మరుగుదొడ్డి లేని చోట నీటి వనరులకు కనీసం 60 మీటర్ల దూరంలో, అరడుగుకు తగ్గకుండా గుంట తీసి పూడ్చాలి. కాగితాలు, ప్యాడ్లు వెంట తీసుకుపోవాలి. ఇది మర్యాద మాత్రమే కాదు. అమెరికాలో ఎన్నో ఉచిత స్థలాలు చెత్త వల్లే మూతపడ్డాయి, 1920లలో ఊళ్ళు విసిగి కార్లను క్యాంపుల్లోకి మళ్ళించిందీ చాలామటుకు చెత్త వల్లే. మనకు అసలే ఆగే చోట్లు తక్కువ. ఆపదలో 112కు, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోను చేయండి. తెల్లవారి బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, మీది కాకపోయినా సరే, కనిపించిన సీసా, కవరు ఏరి సంచిలో వేసుకోండి. మీ వెనక వచ్చేవారిని ఆ ధాబా యజమాని ఆగనివ్వాలి.